తావో మార్గము - ఒక మంత్రి కథ



చీనాదేశపు ప్రాచీన తత్త్వమగు 'తావో'ను గూర్చి నేడు మీతో ముచ్చటింప బూనితిని. ఈ మాటకు సంస్కృతమున సరియైన పదమేది యను వివాదము పదమూడు వందల యేండ్లకు పూర్వమే పుట్టినది. మన ధాన్యకటకమును దర్శించి పోయిన హ్యూయెన్ త్సాంగు క్రీ. శ. 645లో స్వదేశము చేరెను. పిమ్మట రెండేండ్లకు, కామరూపాధిపతి భాస్కరవర్మ కోరికపై, లావో త్జు గ్రంథమును సంస్కృతీకరింపుమని థాయ్ త్సుంగ్ చక్రవర్తి యతని నాజ్ఞాపించెను. తోడుగా కూర్చున్న తావో పండితులు తమ మూలపదమునకు 'బోధి' యని వ్రాయవలెనని పట్టుబట్టిరి. హ్యూయెన్ త్సాంగు సమ్మతింపలేదు. బోధి యనగా మేల్కాంచుట. తావో యనగా దారి. కావున 'మార్గ' శబ్దమే తగునని యతడు వాదించెను.

నాబోటి వ్యాకరణము చదివినవాని కీ కలహము ముచ్చట గొల్పును. అయిన నిది శబ్దకలహము మాత్రమే కాదు. బోధి యన్నచో నది తెలియవలసినది, మార్గమన్నచో నడువవలసినది. మార్గము తెలిసినదనుటకు నడక యొక్కటే గురుతు. అందుచేత తత్త్వవిచారమును కొలదిగా చేసి, దానిని నడిచి చూపిన యొక మంత్రి కథను విన్నవించెదను.

లావో త్జు చౌ రాజుల గ్రంథాలయాధికారియనియు, ఆ రాజ్యము క్షీణించుట చూచి పడమటి కనుమ దాటిపోవుచు, అచ్చటి కావలి యధికారి వేడగా నైదువేల యక్షరములలో గ్రంథమును వ్రాసి యిచ్చి, మరి కానరాకపోయెననియు ప్రాచీన చరిత్రకారుడు సీమా చియన్ వ్రాసెను. ఆ లావో త్జు ఎవ్వరో తేల్చి చెప్పలేక తన సందేహమును గూడ దాచక వ్రాసినాడు. గ్రంథము మాత్రము మిక్కిలి ప్రాచీనము. 1973లో మావాంగ్ త్వీ యందలి సమాధిలో పట్టుగుడ్డపై వ్రాసిన ప్రతులు రెండు బయల్పడినవి. 1993లో క్వోత్యెన్ వద్ద వెదురు బద్దలపై వ్రాసిన భాగములు దొరకినవి. ఈ బద్దలు సుమారు క్రీ. పూ. 300 నాటివి.

ఇప్పుడు వాడుకలో నున్న ప్రతిలో 81 ప్రకరణములున్నవి. వాని సారమంతయు 'వూ వెయ్' అను రెండు మాటలలో నిమిడియున్నది. అనగా చేయకుండుట. దీనిని సోమరితనమని భ్రమింపరాదు. నీరు పల్లమునకు పోవును, ఎవ్వరితోను పోరాడదు, అయినను బండను అరుగదీయును. పెద్ద దేశము నేలుటను చిరుచేపలు వండుటతో నా గ్రంథము పోల్చినది. మాటిమాటికి గరిట పెట్టి తిరుగవేసినచో చేప చిదికిపోవును. మా యింట చేపలు వండరు గాని, గోదావరి యొడ్డువారి నడిగితిని, నిజమే యన్నారు. మన గీత ఫలాపేక్షను విడువుమన్నది; వూ వెయ్ అనవసరమైన జోక్యమును విడువుమన్నది. రెండును చుట్టములే గాని, ఒక్కటి కావు.

ఇక కథ. క్రీ. పూ. 221లో చిన్ వంశము చీనాదేశమంతటిని ఏకచ్ఛత్రము క్రిందికి తెచ్చెను. కఠినశిక్షలు, అలవిమాలిన వెట్టిచాకిరి, గోడలు, రాజమార్గములు - ప్రజల నూపిరి తీసికొననీయలేదు. పదునైదేండ్లకే యా రాజ్యము కూలెను. దాని వెనుక హాన్ వంశము వచ్చెను. ఆ వంశస్థాపకుని పక్షమున పోరాడిన యోధులలో త్సావో షెన్ ఒకడు. యుద్ధము ముగిసిన పిదప నతనికి చీ రాజ్యపు మంత్రిత్వము లభించెను. ప్రజలను కుదుటపరచు నుపాయమేమని పండితులను పిలిపించి యడుగగా నూర్గురు నూరు విధములుగా చెప్పిరి. తుదకు గై గుంగ్ అను వృద్ధుడు, పైవాడు నిశ్చలముగా నుండినచో ప్రజలు తమంతట తాము కుదురుకొందురని యుపదేశించెను. త్సావో షెన్ తన సభామందిరమునే యా వృద్ధునికి విడిదిగా నిచ్చి, తొమ్మిదేండ్లు ఆ మాటనే పాటించెను. చీ రాజ్యము కుదుటపడెను.

క్రీ. పూ. 193లో ప్రధానమంత్రి షియావో హో మరణింపగా ఆ పదవి త్సావో షెన్‌కు వచ్చెను. వచ్చినవాడు ఒక్క చట్టమును మార్చలేదు. మాటకారులను, పేరుకై పాకులాడువారిని తొలగించి, నెమ్మదస్థులగు పెద్దవారిని ఉద్యోగములలో నుంచెను. సలహా చెప్పవచ్చినవారికి నోరు తెరచు నవకాశమీయక మద్యము పోయించి పంపుచుండెను. యువకుడగు హ్వీ చక్రవర్తికి అనుమానము కలిగి, మంత్రి కుమారునిచేత నడిగించెను. మంత్రి కుమారుని కొట్టించెను! చక్రవర్తియే కోపించి మందలింపగా, త్సావో షెన్ తలపాగ తీసి క్షమాపణము చెప్పుకొని, తమరు గొప్పవారా, తమ తండ్రిగారు గొప్పవారా యని యడిగెను. తండ్రితో సాటి రాజాలనని చక్రవర్తి యన్నాడు. మరి నేను గొప్పవాడనా, షియావో హో గొప్పవాడా యని యడుగగా, నీవే కొంచెము తక్కువగా కనబడుచున్నావని చక్రవర్తి యన్నాడు. అట్లయిన వారిరువురును స్పష్టముగా నేర్పరచిన చట్టములను మనము చెడగొట్టక కాపాడుట చాలదా యని మంత్రి ముగించెను. చక్రవర్తి మరి మాటాడలేదు.

తరువాతి వెన్, చింగ్ చక్రవర్తులు క్రీ. పూ. 180 మొదలు 141 వరకు నీ మార్గమునే యనుసరించిరి. వెన్ చక్రవర్తి ఒక మేడ కట్టింప దలచి, దాని వెల పది మధ్యతరగతి కుటుంబముల యాస్తికి సమానమని విని మానుకొనెను. క్రీ. పూ. 167లో అంగచ్ఛేదశిక్షలను రద్దుచేసెను. చింగ్ చక్రవర్తి నాట పంటలో ముప్పదింట నొకవంతే పన్ను. తుదకు ధనాగారములో నాణెములు గ్రుచ్చిన త్రాళ్లు కుళ్లిపోవునంతగా సంపద పెరిగెను.

దోషమును దాచుట చరిత్ర ధర్మము కాదు. సామంతరాజులను సయితము చాలకాలము కదపక విడిచిపెట్టుటచే వారు బలిసిరి. తుదకు వారి భూములు తగ్గింపబోగా, క్రీ. పూ. 154లో ఏడు రాజ్యములు తిరుగబడినవి. కావున దేనిని కదపరాదో, దేనిని కదపక తప్పదో యెరుగుటయే యీ మార్గమున కష్టమైన భాగము.

ఆ కష్టము నేనెరుగుదును. ప్రధానోపాధ్యాయుడనై యొక పాఠశాలకు పోయినప్పుడు నాకు ముప్పదియెనిమిదేండ్లు. నాకు ముందున్న పెద్దాయన గంట కొట్టిన తరువాత గూడ అరగంటసేపు తలుపు తెరచియే యుంచెడివారు. అది నాకు క్రమశిక్షణలోపముగా తోచెను. మొదటి వారముననే తలుపు మూయించితిని. ఎనిమిదవ తరగతి బాలుడొకడు దినదినము ఆలసించి వచ్చి, బయట నిలువబడి, తిరిగిపోవుచుండెను. పది దినములకు రావడము మానెను. మూడు నెలల తరువాత తెలిసినది: వాడు తెల్లవారుజామున ఇంటింటికి పాలు పోసి, కాలువ దాటి నడచి వచ్చువాడు. ఆ అరగంట వానివంటి వారికొరకే. నేను వాని యింటికి పోయితిని. అప్పటికే తండ్రి వానిని పొరుగూరికి కూలికి పంపినాడు. మరల వాడు బడికి రాలేదు. మరునాడు తలుపు తెరిపించితిని. అది వానికి పనికిరాలేదు.

త్సావో షెన్ కథ నేను చదివినది ఆ తరువాత. ముందే చదివియున్న నేమి చేసియుందునో చెప్పజాలను. చదివినది వేరు, నడచినది వేరు గదా! అయినను నాటినుండి పాతదానిని మార్పబోవునప్పుడెల్ల, ఇది యిట్లేల యున్నదని ముందుగా నొకరి నడుగుట యలవాటు చేసికొంటిని.

నేటి కాలమున మన చేతిలోని ఫోను క్షణక్షణము పిలుచును. ప్రతి పిలుపునకు బదులు చెప్పవలెనని, ప్రతి విషయమున కలుగజేసికొనవలెనని తొందరపడుచున్నాము. ఇంట మనుమడు లెక్క తప్పినచో, తప్పు తానే పట్టుకొనునంతవరకు ఓపిక పట్టక చేతిలోని కలము లాగుకొనుచున్నాము. కోడలు వంట చేయుచుండగా గరిట మనము పట్టుకొనుచున్నాము. రేపు అట్టి యొక్క సందర్భమున చేయి వెనుకకు తీసికొని చూడుడు. కార్యము చెడునో, తనంతట కుదురునో గమనింపుడు. హ్యూయెన్ త్సాంగు చెప్పినట్లు అది మార్గము. ఒక్క యడుగు వేసిన గాని తెలియదు.