పిక్క పట్టేసిందని చెప్పే హక్కు

తెలుగులో పిక్కబలం చూపించాడంటే పారిపోయాడని అర్థం. బేస్‌బాల్‌లో ఆ బలం లేనివాడికి బతుకుతెరువే లేదు. క్రికెట్ బ్యాటర్ బంతిని కొట్టాక పరుగు వద్దనుకుంటే క్రీజులోనే ఉండిపోవచ్చు. బేస్‌బాల్‌లో బంతి గీతల లోపల పడిందంటే పరుగెత్తి తీరాలి. బేసుకీ బేసుకీ మధ్య 90 అడుగులని 1857లో తేల్చారు. నిబంధనల్లో ఆ కొలత నేటికీ అదే. బ్యాటు తిప్పిన ఊపుకి ఒళ్లు ఇంకా మెలితిరిగి ఉండగానే, నిలబడ్డచోటు నుంచి ఒక్కసారిగా వేగం అందుకోవాలి. నేలను తన్నే కాలి మోకాలు నిటారుగా ఉండి పాదం పైకి వంగినప్పుడు, పిక్క కండరం సాగుతూనే బిగుసుకోవాల్సి వస్తుంది. మోకాలినీ చీలమండనీ రెండింటినీ దాటిపోయే పై కండరం, ముఖ్యంగా దాని లోపలివైపు పాయ, మడమకు దిగే స్నాయువుతో కలిసేచోట చిట్లేది అలాంటప్పుడే. వెనకనుంచి ఎవరో రాయి విసిరారేమోనని ఆటగాడు తిరిగి చూస్తాడు. అక్కడ ఎవరూ ఉండరు.

ఈమధ్య వార్తల్లో తరచూ కనిపిస్తోంది కాబట్టి ఇది ఈ కాలపు గాయమని అనుకుంటాం. అలా అనుకోవడానికి చరిత్ర ఒప్పుకోదు. కాలి కండరం పట్టేయడాన్ని అమెరికన్లు ‘చార్లీ హార్స్’ అంటారు. 1880లలో బేస్‌బాల్ మైదానాల్లోనే ఆ మాట వాడుకలోకి వచ్చింది. తొడ అయినా పిక్క అయినా, అరగంటలో సర్దుకునే కొంకరైనా నిజంగా తెగిన కండరమైనా అన్నిటికీ అదొక్కటే పేరు. అవతలి జట్టు ఒప్పుకుంటే దెబ్బతిన్నవాడి బదులు మరొకరు కాసేపు పరుగెత్తే మర్యాద కూడా 20వ శతాబ్దం సగం దాకా నడిచింది. కాళ్లు మొరాయించకపోతే అలాంటి ఆచారం పుట్టేదే కాదు. వైద్యులు కూడా చాలాకాలం పొరబడ్డారు. 19వ శతాబ్దం చివర్లో టెన్నిస్ ఆటగాళ్లలో ఇదే గాయాన్ని గుర్తించి ‘టెన్నిస్ లెగ్’ అని పేరు పెట్టినా, తెగింది ప్లాంటారిస్ అనే సన్నని కండరమని దశాబ్దాలపాటు నమ్మారు. తెగేది ఎక్కువగా పై కండరమేనని ఆ తర్వాతే స్థిరపడింది.

మరి పాత రికార్డుల్లో పిక్క గాయం ఎందుకు కనబడదు? జవాబు ఒంట్లో లేదు, ఒప్పంద పత్రంలో ఉంది. 1879లో మొదలైన రిజర్వ్ నిబంధన ఆటగాణ్ని ఒకే జట్టుకు కట్టిపడేసింది. జట్టు మాత్రం పది రోజుల నోటీసుతో అతన్ని వదిలించుకోగలిగేది. అలాంటప్పుడు కాలు నొప్పి అని నోరు విప్పడమంటే కుర్చీ ఖాళీ చేయడమే. 1925 జూన్ 2న యాంకీస్ ఆటగాడు వాలీ పిప్ తలనొప్పి అంటూ ఒక్కరోజు పక్కకు తప్పుకుంటే ఆ చోటు లూ గెరిగ్‌కు దక్కింది. గెరిగ్ వరసగా 2,130 మ్యాచ్‌లు ఆడాడు. పిప్‌కు ఆరోజు నిజంగా తలనొప్పే వచ్చిందా అన్నది వేరే సంగతి. తరాల ఆటగాళ్లకు అది హెచ్చరిక కథ అయింది. గెరిగ్ వరసనే దగ్గరగా చూడండి. 1934 జులైలో నడుంనొప్పితో నిలబడలేని స్థితిలో ఉన్న అతన్ని షార్ట్‌స్టాప్ అనే ఫీల్డింగ్ స్థానంలో జాబితాకెక్కించి, అందరికంటే ముందు బ్యాటింగ్‌కు పంపారు. బంతి కొట్టి మొదటి బేస్ చేరగానే బయటికి తెచ్చేశారు. రికార్డు పుస్తకంలో అది ఆడిన రోజే. ఆడాడన్నంత మాత్రాన ఒంట్లో బాగుందని కాదు.

1975 డిసెంబరులో మధ్యవర్తి పీటర్ సైట్జ్ తీర్పు రిజర్వ్ నిబంధన నడుం విరిచింది. బహుళ సంవత్సరాల ఒప్పందాలు పెరిగాయి. ఆటగాడి కాలు జట్టు పెట్టుబడి అయింది. 2019లో మైక్ ట్రౌట్ అనే ఆటగాడితో ఏంజెల్స్ జట్టు కుదుర్చుకున్న ఒప్పందం 12 ఏళ్లకు 42 కోట్ల డాలర్లు దాటింది. 2021 మే 17న, ఇన్నింగ్స్ ముగించే మామూలు గాలిబంతికి రెండో బేస్ నుంచి పరుగు తీస్తుండగా అతని కుడి పిక్క తెగింది. ఆరు నుంచి ఎనిమిది వారాలన్నారు. ఆ సీజన్‌లో మళ్లీ దిగనేలేదు, 36 మ్యాచ్‌లతో సరి. పిప్ కాలంలో ఇన్నాళ్లు ఆగే జట్టు ఏదీ?

ఇప్పటివాళ్లు బరువెక్కారు, వేగం పెరిగింది, అందుకే కండరాలు తెగుతున్నాయని ఒక వాదన. కొంత నిజం ఉండొచ్చు. కానీ అగ్రశ్రేణి మేజర్ లీగ్, దాని కింది మైనర్ లీగుల గాయాలన్నిటినీ ఒకేచోట నమోదు చేసే పద్ధతి 2010లో గానీ రాలేదు. లెక్కే లేని కాలంతో పోల్చి పెరిగిందనడం ఎలా? రెండో వాదన గట్టిది: 2017లో, గాయపడ్డవాళ్లు ఆటకు దూరంగా ఉండాల్సిన ‘గాయాల జాబితా’ కనీస గడువును 15 రోజుల నుంచి పదికి తగ్గించాక, జట్లు చిన్న నొప్పుల్ని సాకుగా చూపి ఆటగాళ్లను మార్చుకుంటున్నాయని. నిజమే, ఆ మేరకు జాబితా ఉబ్బుతుంది. అయితే ఒకప్పుడు గాయం దాచడంలో లాభం ఉంటే ఇప్పుడు చూపడంలో ఉంది. రెండుచోట్లా లెక్కను నడిపింది కొలువు షరతులే. మైనర్ లీగ్ ఆటగాళ్లు 2022లో గానీ ఆటగాళ్ల సంఘంలో చేరలేకపోయారు. రేపటి జట్టులో తన పేరుంటుందో లేదో తెలియని కుర్రాడు ఈరోజుకీ పిక్కకు పట్టీ చుట్టుకుని, ఏమీ లేదని చెప్పి మైదానంలోకి దిగడానికే చూస్తాడు.