ఋషీకేశంలో యోగుల భోజనం

యోగాభ్యాసానికై ఋషీకేశం వచ్చే విదేశీయులు ఆశ్రమ భోజనశాలలో బాసింపట్టు వేసుకొని గోధుమరొట్టె, పెసరపప్పు కిచిడీ, కారం లేని కూర ఆరగించి, హిమాలయ సీమల స్థానికాహారాన్ని రుచి చూచామని తృప్తి చెందుతారు. చరిత్ర దృష్టితో పరిశీలిస్తే ఆ పళ్ళెంలో స్థానికమైనది స్వల్పమే.

ఈ భోజనానికి మూలం అన్నసత్రం. బదరీ కేదారాలకు కాలినడకన యాత్రలు సాగిన రోజులలో ఋషీకేశం ఒక మజిలీ. యాత్రికులకు, సాధువులకు అన్నం పెట్టడానికి బాబా కాలీ కమలీవాలా 19వ శతాబ్ది చివరి దశాబ్దాలలో క్షేత్రాలను నెలకొల్పారు. పలు ప్రాంతాలవారు కలసి తినదగిన రొట్టె, పప్పు అక్కడి భిక్ష. తమిళదేశంలోని పత్తమడైలో 1887లో జన్మించి, మలయాలో వైద్యవృత్తి చేసి, 1924లో ఋషీకేశం చేరిన స్వామి శివానంద కూడ ఆ క్షేత్రభిక్షతోనే సాధన సాగించారు. ఆయన 1936లో దివ్యజీవన సంఘాన్ని స్థాపించారు. యోగం దేశాంతరాలకు వ్యాపించిన కొలదీ, ఒకనాటి సత్రపు భిక్షయే సాత్త్వికాహారంగా ప్రసిద్ధి కెక్కింది. అయితే అది అందరికీ పడలేదు. 1968లో మహర్షి మహేశ్ యోగి ఆశ్రమానికి వచ్చిన బీటిల్స్ బృందంలోని రింగో స్టార్ డబ్బాలలో చిక్కుడుగింజలు వెంట తెచ్చుకొని, సుమారు పది రోజులకే తిరుగుముఖం పట్టారు!

శాస్త్రం చెప్పిన దేమిటి? 15వ శతాబ్దికి చెందిన స్వాత్మారాముని హఠయోగప్రదీపిక కడుపులో నాలుగవ వంతు ఖాళీగా ఉంచి భుజించాలంటుంది. గోధుమలు, వరి, యవలు, పాలు, నెయ్యి, పెసలు పథ్యం. పెరుగు, మజ్జిగ, నువ్వులు, ఆవాలు, వెల్లుల్లి, ఇంగువ, ఉలవలు అపథ్యం. ఉలవచారు ప్రియులైన ఆంధ్రులకు ఇది రుచించని మాట. వెల్లుల్లితోపాటు నిషేధింపబడిన ఇంగువ మాత్రం, వెల్లుల్లిని వర్జించిన వంటశాలలలోనే నిరాటంకంగా పోపులో పడుతున్నది. ఆచారం శాస్త్రాన్ని తనకు అనుకూలమైనంత మేరకే స్వీకరిస్తుందనడానికి ఇంతకన్న వేరే సాక్ష్యం అక్కరలేదు.

విశేష మేమంటే, ఋషీకేశానికి ఎగువన గఢ్వాల్ కొండలలో ఆ ఉలవలే నిత్యాహారం. అక్కడ వాటిని గహత్ అంటారు. నానబెట్టి, రుబ్బి వండే ఫాణు చలికాలంలో వేడినిస్తుందని కొండవారి విశ్వాసం. మండువా అనే రాగుల రొట్టె, ఝంగోరా అనే ఊదల పాయసం, భట్ అనే నల్ల సోయాచిక్కుళ్ళు తక్కిన ఆహారం. వర్షాధారమైన మెట్టచేలలో ఈ ధాన్యాలను, పప్పులను కలిపి చల్లే పద్ధతికి బారహ్‌నాజా, అనగా పన్నెండు ధాన్యాలు, అని పేరు. ఒక పైరు ఎండినా మరొకటి ఇల్లు గడుపుతుంది. మగవారు ఉద్యోగాలకై మైదానాలకు తరలిపోవడం, చౌకధరల దుకాణాల గోధుమ, బియ్యం కొండలెక్కడం వల్ల ఆ సేద్యం క్షీణించింది. దానిని కాపాడడానికే 1980వ దశకం చివర టెహ్రీ గఢ్వాల్‌లోని హేంవల్ లోయ రైతులు బీజ్ బచావో ఆందోళన్ ఆరంభించి, ఊరూరా తిరిగి పాత విత్తనాలు సేకరించారు.

ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా పాటించిన పిదప మండువాకు నగరాలలో గిరాకీ కలిగింది. గహత్‌కు అంతటి ఆదరణ ఇంకా రాలేదు. స్థానికాహారాన్ని కోరే యోగార్థి గంగ ఒడ్డున ఆగక, శరదృతువులో కోతల వేళకు ఆ లోయ దాకా వెళ్ళడం మంచిది. మజ్జిగనే త్యజించని సాధకులు ఉలవల దగ్గర శాస్త్రాన్ని తలచుకోనక్కరలేదు.