సరస్సుల మార్గం (స్విట్జర్లాండు)

సరస్సుల మార్గం స్విట్జర్లాండు దేశంలో 1998లో ప్రారంభమైన తొమ్మిది జాతీయ సైకిలు మార్గాలలో ఒకటి. దీని సంఖ్య 9. ఇది నైరుతిన జెనీవా సరస్సు ఒడ్డున ఉన్న మాంత్రూ పట్టణంలో మొదలై, ఈశాన్యాన కాన్‌స్టన్స్ సరస్సు ఒడ్డున ఉన్న రోర్షాక్ పట్టణంలో ముగుస్తుంది. పొడవు సుమారు 500 కి.మీ. ఆల్ప్స్ పర్వతాల ఉత్తరపు అంచు వెంబడి సాగుతూ తూన్, బ్రియెంజ్, లుంగెర్న్, సార్నెన్, లూసర్న్, జుగ్, జూరిక్, వాలెన్ మొదలైన సరస్సులను తాకుతూ పోవడం వలన దీనికి ఈ పేరు వచ్చింది. మంచు కప్పిన శిఖరాలకు అతి సమీపంగా పోయినప్పటికీ, ఈ మార్గం సముద్రమట్టానికి 1,300 మీటర్లు మించి ఎక్కడా ఎక్కదు. అందువలన పందెపు క్రీడాకారులు కానివారు కూడా ఆల్ప్స్ పర్వతాలను సైకిలుపై చూడటానికి ఎంచుకునే మార్గాలలో ఇది ప్రధానమైనది.

చరిత్ర

ఆల్ప్స్ పర్వతాలలో సైకిలు యాత్రలు 19వ శతాబ్దపు చివరి దశకాలలోనే మొదలయ్యాయి. అప్పటికి మోటారు వాహనాలు దాదాపు లేవు. గుర్రపు బండ్ల కోసం వేసిన కనుమదారులే సైకిలు యాత్రికులకు ఆధారం. అమెరికా రచయిత్రి ఎలిజబెత్ రాబిన్స్ పెన్నెల్ తన భర్త, చిత్రకారుడు జోసెఫ్ పెన్నెల్‌తో కలిసి ఈ కనుమలను సైకిలుపై దాటి, ఆ అనుభవాలను "ఓవర్ ది ఆల్ప్స్ ఆన్ ఎ బైసికిల్" అనే పుస్తకంగా 1898లో వెలువరించింది. స్విట్జర్లాండు టూరింగ్ క్లబ్బు 1896లో జెనీవాలో ఏర్పడినప్పుడు దానిని స్థాపించినవారు సైకిలు యాత్రికులే. తరువాతి కాలంలో అది మోటారు వాహనదారుల సంఘంగా మారింది. రోడ్ల మీద జరిగిన మార్పునే ఈ సంఘ చరిత్ర కూడా సూచిస్తుంది. మోటారు వాహనాలు పెరిగిన కొద్దీ సైకిలు ప్రధాన రహదారులపై రోడ్డు అంచుకు నెట్టబడింది.

ఈ పరిస్థితిని మార్చే ఉద్దేశంతో, రద్దీ లేని పల్లె దారులను, పొలం బాటలను, ఏటిగట్లను కలుపుతూ దేశమంతటికీ ఒకే విధమైన గుర్తులు గల సైకిలు మార్గాల వ్యవస్థను 1998లో ప్రారంభించారు. తొమ్మిది మార్గాల మొత్తం పొడవు సుమారు 3,300 కి.మీ. చాలావరకు ఇవి కొత్తగా వేసిన రోడ్లు కావు, అంతకు ముందే ఉన్న దారులు. 2008 నుండి ఈ మార్గాలు, నడక బాటలు, పర్వత సైకిలు బాటలతో కలిపి "స్విట్జర్లాండ్ మొబిలిటీ" అనే ఉమ్మడి వ్యవస్థ క్రిందకు వచ్చాయి.

నడక బాటలకు స్విట్జర్లాండు రాజ్యాంగంలో 1979లోనే స్థానం లభించింది. సైకిలు మార్గాలకు ఆ స్థానం దొరకడానికి మరో నాలుగు దశాబ్దాలు పట్టింది. 2018 సెప్టెంబరు 23న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 73.6 శాతం ఓటర్లు ఇందుకు అనుకూలంగా ఓటు వేశారు. దాని ననుసరించి చేసిన సైకిలు మార్గాల చట్టం 2023 జనవరి 1న అమలులోకి వచ్చింది. ఈ చట్టం ప్రకారం రాష్ట్రాలు (కాంటన్లు) తమ సైకిలు మార్గాల ప్రణాళికలను 2027 చివరికి సిద్ధం చేయాలి, 2042 చివరికి అమలు చేయాలి.

భౌగోళిక నేపథ్యం

ఇంత ఎత్తైన పర్వతాల మధ్య ఇంత తేలికైన దారి ఉండటానికి కారణం హిమానీనదాలు. గడచిన మంచుయుగాలలో ఆల్ప్స్ నుండి దిగిన భారీ హిమానీనదాలు లోయలను లోతుగా, వెడల్పుగా దొలిచాయి. మంచు కరిగి వెనుకకు తగ్గిన తరువాత ఆ పల్లాలలో నీరు నిలిచి సరస్సులు ఏర్పడ్డాయి. పక్క కొండలు నిటారుగా ఉన్నా, లోయ అడుగు మాత్రం చదునుగా ఉండటానికి ఇదే కారణం. సైకిలు మార్గం ఈ చదునైన అడుగును పట్టుకొని పోతుంది.

నదులు తెచ్చిన ఒండ్రు కూడా ఈ చదునుకు తోడైంది. తూన్, బ్రియెంజ్ సరస్సులు ఒకప్పుడు ఒకే సరస్సు. పక్క లోయల నుండి వచ్చిన ఏరులు మధ్యలో మేట వేయగా అది రెండుగా విడిపోయింది. ఆ మేట మీద వెలసిన ఊరే ఇంటర్‌లాకెన్. లాటిన్ భాషలో ఆ పేరుకు "సరస్సుల నడుమ" అని అర్థం. బ్రియెంజ్ సరస్సు నీరు వేసవిలో పాలు కలిసిన పచ్చ రంగులో కనిపిస్తుంది. హిమానీనదాలు రాతిని రాపాడించగా వచ్చిన మెత్తని పొడి నీటిలో తేలుతూ కాంతిని వెదజల్లడమే ఇందుకు కారణం.

మార్గ వర్ణన

మాంత్రూ నుండి స్పీజ్ వరకు: జెనీవా సరస్సు మట్టం (372 మీ.) నుండి మార్గం వెంటనే కొండవాలు ఎక్కడం మొదలుపెడుతుంది. జున్నుకు ప్రసిద్ధమైన గ్రుయేర్ ప్రాంతం మీదుగా సానె నది ఎగువ లోయలోకి ప్రవేశిస్తుంది. షాతో-డే, రూజ్‌మాం గ్రామాల వరకు ప్రజల భాష ఫ్రెంచి. కొద్ది కిలోమీటర్ల తరువాత వచ్చే సానెన్‌లో భాష జర్మను. ఈ రెండు ఊళ్ళ మధ్య కొండ గాని, పెద్ద నది గాని అడ్డు లేదు. మదనపల్లెలో జన్మించిన తత్త్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి 1961 నుండి 1985 వరకు వేసవులలో ఉపన్యాసాలు ఇచ్చినది ఈ సానెన్‌లోనే. గుడివాడలో పెరిగిన యు.జి. కృష్ణమూర్తి కూడా ఇక్కడ చాలాకాలం నివసించాడు. సానెన్ దాటిన తరువాత వచ్చే సానెన్‌మోసర్ (సుమారు 1,270 మీ.) వద్ద మార్గం అత్యధిక ఎత్తును చేరుతుంది. అక్కడి నుండి సిమ్మె నది లోయ వెంట తూన్ సరస్సు తీరాన గల స్పీజ్ వరకు దిగుడు.

స్పీజ్ నుండి లూసర్న్ వరకు: తూన్, బ్రియెంజ్ సరస్సుల తీరాల వెంట సాగిన తరువాత బ్రూనిగ్ కనుమ (సుమారు 1,000 మీ.) ఎక్కవలసి ఉంటుంది. బ్రియెంజ్ సరస్సు మట్టం 564 మీటర్లు కాబట్టి ఎక్కవలసిన ఎత్తు సుమారు 440 మీటర్లు. మనిషి, సైకిలు, సామాను కలిసి 100 కిలోల బరువు అనుకుంటే, ఈ ఎత్తుకు చేర్చడానికి కావలసిన పని సుమారు 430 కిలోజౌళ్ళు. కండరాలు ఆహార శక్తిలో దాదాపు నాలుగో వంతును మాత్రమే పనిగా మార్చగలవు గనుక, శరీరం సుమారు 400 కిలోకేలరీలు ఖర్చు చేయాలి. కనుమ దిగిన తరువాత లుంగెర్న్, సార్నెన్ సరస్సులు మెట్లవలె ఒకదాని దిగువన ఒకటి వస్తాయి. లూసర్న్ నగరంలో రాయిస్ నదిపై 14వ శతాబ్దపు కొయ్య వంతెన ఉంది. 1993లో అగ్నిప్రమాదంలో చాలా భాగం కాలిపోగా మరుసటి సంవత్సరం పునర్నిర్మించారు.

లూసర్న్ నుండి రోర్షాక్ వరకు: జుగ్ ప్రాంతపు మెట్టల మీదుగా జూరిక్ సరస్సు తీరాన గల రాపర్స్‌విల్ చేరుతుంది. ఇక్కడ సరస్సుపై పాదచారుల కోసం 2001లో నిర్మించిన 841 మీటర్ల కొయ్య వంతెన ఉంది. తరువాత లింత్ మైదానం, వాలెన్ సరస్సు వస్తాయి. వాలెన్ సరస్సుకు ఉత్తరాన షుర్‌ఫిర్‌స్టెన్ శిఖరాలు గోడవలె నిలిచి ఉంటాయి. ఆ ఒడ్డున గల క్విన్‌టెన్ గ్రామానికి పడవపై గాని, నడిచి గాని మాత్రమే పోగలరు. దక్షిణపు ఒడ్డున ఉన్న కొద్దిపాటి స్థలంలో రైలు మార్గం, మోటారు రహదారి, సైకిలు బాట ఇరుక్కొని సాగుతాయి. సార్గాన్స్ తరువాత మార్గం రైన్ నది లోయలో ఉత్తరంగా తిరిగి, మొదట లీక్టెన్‌స్టైన్, తరువాత ఆస్ట్రియా సరిహద్దుల ప్రక్కగా పోయి కాన్‌స్టన్స్ సరస్సును (సుమారు 395 మీ.) చేరుతుంది.

నదుల మళ్ళింపు

యాత్రికునికి సహజ ప్రకృతిగా కనిపించే ఈ దృశ్యాలలో గణనీయమైన భాగం మానవ నిర్మితం.

* కాండర్ నది (1711-1714): తూన్ పట్టణానికి దిగువన ఆరె నదిలో కలిసి వరదలకు కారణమైన ఈ నదిని, స్పీజ్ సమీపంలో తూన్ సరస్సులోకి మళ్ళించారు. ఆ ప్రాంతానికి మేలు జరిగినా, సరస్సు నుండి నీరు బయటకు పోయే దారి చాలక తూన్ పట్టణం కొంతకాలం వరదల పాలయింది.
* లింత్ నది (1807-1816): నది తెచ్చిన గులకరాళ్ళు మేట వేసి వాలెన్ సరస్సు మట్టం పెరిగి, చుట్టుపక్కల భూములు చిత్తడిగా మారాయి. ప్రజలు మలేరియాతో బాధపడ్డారు. హాన్స్ కొన్రాడ్ ఎషర్ నాయకత్వాన నదిని 1811లో సరస్సులోకి మళ్ళించి, సరస్సు నుండి జూరిక్ సరస్సుకు 1816 నాటికి కాలువ త్రవ్వారు. వాలెన్ సరస్సు మట్టం 5 మీటర్లకు పైగా తగ్గింది. ఒకనాటి చిత్తడి నేల గుండా ఇప్పుడు సైకిలు మార్గం పోతుంది.
* లుంగెర్న్ సరస్సు (1836): సాగుభూమి కోసం గ్రామస్తులు కొండలో సొరంగం త్రవ్వి సరస్సు మట్టాన్ని సుమారు 36 మీటర్లు తగ్గించారు. 1920 దశకంలో జలవిద్యుత్తు కోసం నీటిని తిరిగి నింపారు.
* రైన్ నది: 1892లో ఆస్ట్రియా, స్విట్జర్లాండు ఒప్పందం చేసుకొని నదిని నిటారుగా చేసి, ఇరువైపులా కరకట్టలు పటిష్ఠం చేశాయి. ఫుసాక్ వద్ద కొత్త పాయను 1900లో తెరిచారు. ఈ లోయలో సైకిలు బాట చాలా దూరం కరకట్ట మీదుగానే సాగుతుంది.

గుర్తులు, రవాణా సౌకర్యాలు

సైకిలు మార్గాల సూచికలు ఎరుపు రంగులో ఉంటాయి. ఒక అంకె గలవి జాతీయ మార్గాలు, రెండు అంకెలు గలవి ప్రాంతీయ మార్గాలు, మూడు అంకెలు గలవి స్థానిక మార్గాలు. కూడళ్ళ వద్ద మార్గ సంఖ్య చూసుకొని పోవడమే చాలు గనుక స్థానిక భాష రానివారు కూడా దారి తప్పకుండా ప్రయాణించగలరు.

మార్గపు పశ్చిమార్ధానికి సమీపంగా మాంత్రూ నుండి లూసర్న్ వరకు రైలు మార్గం ఉంది. ఇందులో బ్రూనిగ్ కనుమ దాటే భాగం 1888లో ప్రారంభమైంది. రైళ్ళలో ప్రత్యేక టిక్కెట్టుపై సైకిలును తీసుకుపోవచ్చు, కొన్ని రైళ్ళలో ముందుగా స్థలం కేటాయించుకోవాలి. అలసినవారు, వర్షంలో చిక్కుకున్నవారు కష్టమైన భాగాన్ని రైలులో దాటి మరల సైకిలు ఎక్కడం ఇక్కడ మామూలు విషయం.

జాగ్రత్తలు

* అనువైన కాలం మే నుండి అక్టోబరు వరకు. ప్రతి 1,000 మీటర్ల ఎత్తుకు ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీల సెల్సియస్ తగ్గుతుంది. ఎక్కేటప్పుడు చెమట పట్టిన శరీరం దిగేటప్పుడు గాలికి త్వరగా చల్లబడుతుంది కాబట్టి, దిగే ముందు పై దుస్తులు ధరించాలి.
* పొడవైన దిగుడులో బ్రేకును ఆపకుండా నొక్కి ఉంచితే అది వేడెక్కి పట్టు తగ్గుతుంది. మలుపుకు ముందే వేగం తగ్గించి, మధ్య మధ్య బ్రేకు వదలడం సరైన పద్ధతి.
* ఫోన్ అనే వెచ్చని పొడి గాలి పర్వతాల మీదుగా దక్షిణం నుండి వీస్తుంది. రైన్ లోయలో, లూసర్న్ సరస్సు ప్రాంతంలో ఇది తీవ్రంగా ఉంటుంది.
* సరస్సుల ఒడ్డున నారింజ రంగు హెచ్చరిక దీపాలు ఉంటాయి. నిమిషానికి 40 సార్లు మెరిస్తే గాలివాన రావచ్చునని, 90 సార్లు మెరిస్తే తుపాను గాలి ముంచుకు వచ్చిందని అర్థం. ఇవి పడవల వారి కోసం ఉద్దేశించినవే అయినా సైకిలు యాత్రికులకు కూడా ఉపయోగపడతాయి.
* సాధారణ సైకిలుకు శిరస్త్రాణం చట్టరీత్యా తప్పనిసరి కాదు. గంటకు 45 కి.మీ. వరకు తోడ్పాటు ఇచ్చే విద్యుత్ సైకిళ్ళకు తప్పనిసరి. 2022 ఏప్రిల్ 1 నుండి అన్ని విద్యుత్ సైకిళ్ళకు పగలు కూడా దీపం వెలిగించాలి.

ప్రకృతి వైపరీత్యాలు

2005 ఆగస్టులో కురిసిన భారీ వర్షాలకు మధ్య స్విట్జర్లాండులో వరదలు వచ్చి ఆరుగురు మరణించారు. వీరిలో ఇద్దరు బ్రియెంజ్ గ్రామంలో, కొండవాగు తెచ్చిన రాళ్ళు, బురద ఇళ్ళపై పడటం వలన చనిపోయారు. 2024 ఆగస్టు 12న అదే గ్రామంలో మరొక వాగు పొంగి ఇళ్ళు, రైలు మార్గం దెబ్బతిన్నాయి.

స్విట్జర్లాండు హిమానీనదాలు 2022, 2023 సంవత్సరాలలోనే తమ ఘనపరిమాణంలో సుమారు 10 శాతం కోల్పోయాయి. ఈ సరస్సులలో కొన్నింటికి వేసవిలో హిమానీనదాల నుండి కూడా నీరు వస్తుంది. మంచు తగ్గినప్పుడు వేసవి చివరిలో నదుల ప్రవాహం తగ్గుతుంది. గడ్డకట్టిన నేల కరిగితే కొండవాలులు వదులవుతాయి. లోయ అడుగున సాగే సైకిలు బాట కూడా, దాని ప్రక్కనున్న రైలు మార్గం, గ్రామాల వలెనే, ఎగువన జరిగే ఈ మార్పులపై ఆధారపడి ఉంటుంది. వాగులపై అడ్డుకట్టలు, కరకట్టల నిర్వహణ, ముందస్తు హెచ్చరికలు లేకుండా ఈ మార్గం నిలబడదు.

ముఖ్య స్థలాల ఎత్తులు (సముద్రమట్టం నుండి, సుమారుగా)

* జెనీవా సరస్సు - 372 మీ.
* సానెన్‌మోసర్ - 1,270 మీ.
* తూన్ సరస్సు - 558 మీ.
* బ్రియెంజ్ సరస్సు - 564 మీ.
* బ్రూనిగ్ కనుమ - 1,000 మీ.
* లూసర్న్ సరస్సు - 434 మీ.
* జుగ్ సరస్సు - 413 మీ.
* జూరిక్ సరస్సు - 406 మీ.
* వాలెన్ సరస్సు - 419 మీ.
* కాన్‌స్టన్స్ సరస్సు - 395 మీ.

ఇవి కూడా చూడండి

* ఆల్ప్స్ పర్వతాలు
* స్విట్జర్లాండు
* సైకిలు
* హిమానీనదం
* రైన్ నది
* జిడ్డు కృష్ణమూర్తి