స్వాజీ రాజవంశము: సంప్రదాయము, ఆధునికత

దక్షిణాఫ్రికా, మొజాంబిక్ దేశముల నడుమ 17,364 చదరపు కిలోమీటర్ల వైశాల్యము గల ఎస్వాతిని రాజ్యమును ద్లామిని వంశీయులు పాలించుచున్నారు. 2018 వరకు స్వాజీలాండ్ అని వ్యవహరింపబడిన ఈ దేశము, ఆఫ్రికాలో మిగిలిన చివరి నిరంకుశ రాజరికముగ తరచు పేర్కొనబడుచున్నది. ఈ వంశచరిత్రమున ఆచారమును ఆధునికతయు నెదురెదురుగ నిలిచిన సందర్భములకన్న, పాతదానిని నిలుపుటకై క్రొత్త సాధనములు చేపట్టబడిన సందర్భములే హెచ్చు. అట్లు నిలిచిన ఆచారములలో రాజునకు బలము కూర్చునవి వర్ధిల్లినవి. రాజును కట్టుబాటులో నుంచునవి క్రమముగ క్షీణించినవి.

ప్రాచీన వ్యవస్థ

స్వాజీ సంప్రదాయమున అధికారము ఏకవ్యక్తిగతము కాదు. సింహమను బిరుదు గల రాజు (న్గ్వెన్యామా), ఆడయేనుగను బిరుదు గల రాజమాత (న్‌ద్లోవుకాతి) కలసి రాజ్యభారము వహింతురు. రాజమాత నివాసము శరణార్థులకు అభయస్థానము. రాజు జాతిధనమును దుర్వ్యయము చేసినచో ఆమె బహిరంగముగ మందలింపవచ్చును. రాజు జీవించియుండగా ఉత్తరాధికారిని ప్రకటించు వాడుక లేదు. అతని మరణానంతరము రాజకుటుంబమువారు రాణులలో నొకతెను ఎన్నుకొందురు. ఆమె కుమారుడే రాజగును. అతనికి సహోదరులుండరాదనియు, మొదటి యిద్దరు రాణుల కుమారులు సింహాసనార్హులు కారనియు నియమము. తండ్రి బ్రదికియుండగనే పక్షములు కూడగట్టు యువరాజునకు ఈ పద్ధతిలో తావు లేదు.

లాబోత్సిబేని రాజ్యనిర్వహణము

1880 దశాబ్దిలో మ్బండ్జేని రాజు శ్వేతజాతీయులకు ఒసగిన పట్టాలు దేశమును దాదాపుగ పూర్తిగ కప్పివేసినవి. గనులు, మేతభూములే కాక రాజాదాయమును వసూలుచేయు హక్కు సైతము పరులపాలయ్యెను. బోయరు యుద్ధానంతరము దేశము బ్రిటిషువారి వశమయ్యెను. వారు 1907 లో జరిపిన విభజనమువలన స్వాజీలకు మూడవవంతు భూమి మాత్రమే మిగిలెను.

ఆ కాలమున శిశువైన మనుమని పక్షమున రాజ్యము నడపినది లాబోత్సిబేని (1899–1921). పత్రములపై వ్రాతవలన పోయిన భూమిని పత్రములపై వ్రాతవలననే తిరిగి పొందవలెనని ఆమె నిశ్చయము. భూమిని కొనుటకై ప్రజలనుండి ధనము ప్రోగుచేయించెను. యువకులను దక్షిణాఫ్రికా గనులలో కూలికి పొమ్మని ప్రోత్సహించెను. మనుమనికి జోంబోద్జేలో పాఠశాల నెలకొల్పించి, తరువాత లవ్‌డేల్ విద్యాలయమునకు పంపెను. 1912 లో జొహానెస్‌బర్గున ఆరంభమైన ‘అబాంతు-బాథో’ పత్రికకు ధనసాహాయ్యము చేసెను.

రెండవ సోభూజా

1899 లో జన్మించిన ఆ మనుమడే రెండవ సోభూజా. అతడు 1921 డిసెంబరులో పాలనాధికారము స్వీకరించి, మరుసటి సంవత్సరాంతమున భూసమస్యను విన్నవించుటకై ప్రతినిధి వర్గముతో లండనుకు పయనమయ్యెను. విన్నపము ఫలింపలేదు, 1926 లో ప్రీవీ కౌన్సిల్ సైతము అతనికి ప్రతికూలముగ తీర్పు చెప్పెను. న్యాయస్థానమున దొరకని బలమును అతడు ఆచారమున వెదకెను. 1930 దశాబ్దిలో వయోవర్గ దళములను పాఠశాలలలో ప్రవేశపెట్టదలచి, మలినోవ్‌స్కీ మొదలగు మానవశాస్త్రజ్ఞుల అభిప్రాయము కోరెను. 1934 లో వచ్చిన మానవశాస్త్రజ్ఞురాలు హిల్డా కూపర్‌కు అతడొసగిన సహకారమువలన స్వాజీ ఆచారములు గ్రంథస్థములై, 1947 లో ప్రకటితములయ్యెను. కన్యలు రెల్లు కోసి రాజమాత ప్రాంగణమునకు తెచ్చు ‘ఉమ్హ్లంగా’ ఉత్సవము, అంతకుముందున్న ‘ఉమ్‌క్వాషో’ ఆచారమును మార్చగా 1940 ప్రాంతమున నేటి రూపము దాల్చినదే. నూతన ఫలస్వీకారముతో రాజు శక్తిని పునరుద్ధరించు ‘ఇంక్వాలా’ మాత్రము తరతరాల ప్రాచీనత గలది.

1964 లో రాజు ‘ఇంబొకోద్వో’ అను రాజకీయపక్షమును స్థాపింపజేసెను. 1967 ఎన్నికలలో అది మొత్తము 24 స్థానములను గెలిచెను. 1968 సెప్టెంబరు 6 న దేశము స్వతంత్రమయ్యెను. 1972 లో ప్రతిపక్షము మూడు స్థానములు గెలువగా, గెలిచినవారిలో నొకని పౌరసత్వము వివాదగ్రస్తమయ్యెను. ఆ వివాదమునకై చేయబడిన శాసనము చెల్లదని అప్పీలు న్యాయస్థానము తీర్పు చెప్పిన పిమ్మట, 1973 ఏప్రిల్ 12 న సోభూజా రాజ్యాంగమును రద్దుచేసి, పక్షములను నిషేధించి, సర్వాధికారములు స్వీకరించెను. ఆ రాజ్యాంగము స్వాజీ జీవనమునకు పొసగదని అతని వాదము. 1978 లో స్థానిక సభలపై ఆధారపడిన ‘టింఖుండ్లా’ పద్ధతి వచ్చెను. ఇంతలో 1968 లో ఏర్పడిన ‘టిబియో’ నిధి, జాతి పక్షమున రాజు ధర్మకర్తగ, కంపెనీలలో వాటాలు కొనుచు శాసనసభకు జవాబుదారి కాని సంపదగ పెరిగెను.

సంక్షోభము, మూడవ మ్‌స్వాతి

1982 ఆగస్టులో సోభూజా మరణింపగా, పూర్వము సలహామండలి మాత్రమైన ‘లికోకో’ సర్వాధికారము కోరెను. రాజ్యము నడపుచున్న రాణి ద్జెలీవే అందులకు సమ్మతింపక, 1983 లో తొలగింపబడెను. ఆమె స్థానమున న్‌త్‌ఫోంబి నియమితురాలయ్యెను. ఇంగ్లండులోని షెర్‌బోర్న్ పాఠశాలలో చదివిన ఆమె కుమారుడు, మూడవ మ్‌స్వాతి, 1986 ఏప్రిల్ 25 న పదునెనిమిదవ యేట అభిషిక్తుడై, నెల తిరిగినంతలోనే లికోకోను రద్దుచేసెను.

2001 లో అతడు యువతులకు బ్రహ్మచర్యనియమమును విధించు ఉమ్‌క్వాషోను ఐదేండ్లకు పునరుద్ధరించెను. తానే పదునేడేండ్ల కన్యను వధువుగ ఎన్నుకొని నియమము తప్పి, ఆచారము ప్రకారము ఆవును జరిమానాగ చెల్లించెను. 2002 లో, తన కుమార్తెను రాజకుటుంబమునకై కొనిపోయిరని ఒక తల్లి ఉన్నత న్యాయస్థానము నాశ్రయించుట అపూర్వ సంఘటనము. 2005 నాటి రాజ్యాంగమున, అంతరాత్మ కంగీకారము కాని ఆచారమును పాటింపుమని స్త్రీని బలవంతపెట్టరాదను నియమము చేరెను. ఐనను పక్షముల పేరిట ఎన్నికలలో నిలుచుటకు వీలులేదు. అభ్యర్థులు వ్యక్తులుగనే పోటీ చేయుదురు. 2021 లో ప్రజాస్వామ్యము కోరిన ఆందోళనము హింసాత్మకమై, పదుల సంఖ్యలో ప్రాణనష్టము కలిగెను.

సమీక్ష

న్యాయవాదము, పాఠశాల, పత్రిక, నిధి, రాజకీయపక్షము, మానవశాస్త్రము, ఇవన్నియు రాజవంశము తన రక్షణకై స్వీకరించిన ఆధునిక సాధనములే. వీనివలననే పొరుగు ప్రాంతముల రాజవంశములకు దక్కని అధికారము దీనికి దక్కెను. ఐనను రాజును మందలింపగల రాజమాత ప్రాబల్యము, మండలి మాటకు గల విలువ తగ్గినవి. వాని చోట నిలువదగిన స్వతంత్ర శాసనసభ, పక్షవ్యవస్థ ఏర్పడలేదు. అందువలన నేటి ఎస్వాతిని వాదమున అసలు ప్రశ్న, ఆచారమా ఆధునికతయా అనునది కాక, రాజును నిలుపగల కట్టుబాటు ఏ రూపమున రావలెననునదే.