పోయినవారి గొంతు

1959లో స్వీడన్‌లో యుర్గెన్‌సన్ పక్షుల కూతలు రికార్డు చేయబోతే టేపులో మనుషుల గొంతులు పడ్డాయట. తర్వాత చనిపోయిన తన తల్లి పిలిచిందన్నాడు. టేపు గరగరలో మనసు కోరిన మాటే వినిపిస్తుందని నా అనుమానం.

అప్పటి మన గంజాంలోనే, పర్లాకిమిడి కొండల్లో, పూనకమొచ్చిన సవర స్త్రీ నోట పోయినవారు మాట్లాడేవారు. బతికున్నవాళ్లు వాళ్లతో పోట్లాడేవారు, ఏడ్చేవారు. గిడుగు రామమూర్తి పంతులుగారు 1931లో వ్యాకరణం రాసింది ఈ భాషకే. 1975 తర్వాత విటెబ్‌స్కీ అనే పరిశోధకుడు ఆ సంభాషణల్ని టేపులకెక్కించి, 1993లో పుస్తకం చేశాడు. తరువాతి తరంలో చాలామంది క్రైస్తవులయ్యారు. వాళ్ల ఇళ్లల్లో ఆ మాటలు ఆగిపోయాయి.

బరంపురంలో మా బీరువాలో అమ్మ గొంతున్న క్యాసెట్ ఒకటుంది. "అన్నం తిన్నావా?" అంటుంది. సవరలైతే జవాబు చెప్పేవారు.