ఫొటోల్లో దొరికిన దీపాలదిన్నె

ఈజిప్టు ఆలయం పాత ఫొటో ఒకటి చేతికొస్తే, అది ఏ గుడో పోల్చుకోవడానికి స్తంభమో, గోడో, వెనకాల కొండో ఆనవాలుగా ఉంటుంది. కృష్ణ ఒడ్డున అమరావతి మహాస్తూపానికి ఆ వీలూ లేకపోయింది. కట్టడం పోయి విడివిడి పలకలే మిగిలాయి. వాటి ఫొటోలు పేర్చి స్తూపాన్ని మళ్లీ కళ్లకు కట్టే ప్రయత్నం 1867 ప్రాంతంలో లండన్‌లో జరిగింది.

అంతకు డెబ్బై ఏళ్ల ముందు రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త పట్నం కట్టిస్తుంటే, ఇటుకల కోసం, రాళ్ల కోసం స్తూపం దాగిన దీపాలదిన్నెను తవ్వారు. ఆ కబురు విని సర్వే అధికారి కాలిన్ మెకంజీ 1797లో వచ్చి చూశాడు. 1816లో చిత్రకారులను వెంటబెట్టుకుని తిరిగొచ్చేసరికి దిన్నె నడుమ చెరువు తవ్వేసి ఉంది. కనబడ్డ పలకలకల్లా బొమ్మలు గీయించాడు.

1845లో మద్రాసు ప్రభుత్వాధికారి వాల్టర్ ఇలియట్ మరికొన్ని పలకలు వెలికితీసి మద్రాసుకు పంపాడు. అక్కడ 1858లో లినేయస్ ట్రైప్ వాటిని ఫొటోలు తీశాడు. మరుసటి ఏడాది 121 ముక్కలు ఓడెక్కి లండన్ చేరాయి.

చేరాక వాటిని పట్టించుకున్నవారే తక్కువ. పారిస్‌లో 1867 ప్రదర్శనకు భారతీయ వాస్తు ఫొటోలు సమకూరుస్తున్న జేమ్స్ ఫెర్గూసన్‌కు అవి లండన్ ఫైఫ్ హౌస్‌లోని బండ్ల కొట్టంలో కనిపించాయి. అన్నిటినీ ఒకే కొలతలో ఫొటోలు తీయించి, మెకంజీ బొమ్మలు పక్కన పెట్టుకుని ఒక్కొక్కటే జతచేశాడు. ఆయనకు దారి చూపింది అమరావతి శిల్పులే. చాలా పలకల మీద వాళ్లు స్తూపాన్నే చెక్కారు: అర్ధగోళంలాంటి అండం, చుట్టూ ప్రాకారం, నాలుగు దిక్కులా అయిదేసి ఆయక స్తంభాలు. అలా కుదిర్చిన రూపం 1868లో ఆయన పుస్తకంలో అచ్చయింది.

అయితే ఒకచోట ఆయన పొరబడ్డాడు. స్తూపం చుట్టూ రెండు ప్రాకారాలున్నాయని అనుకున్నాడు. 1877లో రాబర్ట్ స్యూయెల్, 1881లో జేమ్స్ బర్జెస్ ఆ నేల మీద పనిచేశాక నిజం తేలింది. ఫెర్గూసన్ లోపలి ప్రాకారం అనుకున్నది స్తూపం గుండ్రటి పీఠానికి తొడిగిన పలకల వరుస. అంచు విరిగిన పలక ఎంత చక్కగా ఫొటోలో పడినా, అది దేనికి ఆనుకుని నిలబడిందో అందులో కనబడదు.

ఆ తర్వాత చెన్నైలోనూ లండన్‌లోనూ ఉన్న పలకలను పరిశోధకులు మెకంజీ బొమ్మలతో సరిపోల్చి చూశారు. కొన్నిటికి జత దొరికింది. మరికొన్ని బొమ్మలకు రాయి ఎక్కడా లేదు. ఆ శిల్పాలకు ఇవాళ కాగితం మీది గీతలే మిగిలాయి.