‘లేదు’ అని రాసిన చోట

రక్తంలో తేడాలున్నాయని 1901లో వియన్నాలో కార్ల్ లాండ్‌స్టైనర్ కనిపెట్టినప్పుడు వాటిని ఎ, బి, సి అని మూడు రకాలుగా విడదీశాడు. ఆ మూడోదే తర్వాత ఓ అయింది. జర్మన్ భాషలో దాన్ని ఇప్పటికీ సున్నా అనే అంటారు. ఎ, బి రెండూ కనిపించలేదు కాబట్టి సున్నా! కానీ 1990లో ఆ జన్యువుని విప్పి చదివితే తేలిందేమిటి? ఓ గ్రూపు వాళ్లలోనూ ఆ జన్యువుంది. చాలామందిలో ఒక్క అక్షరం జారిపోవడంతో ఆ తర్వాతి రాతంతా అర్థం తప్పింది. పూర్తిగా ఊడిపోయినా, ఉండి ఇలా పనిచెయ్యకపోయినా అలాంటి జన్యురూపాన్ని నల్ అల్లీల్ అంటారు.

1952లో బొంబాయిలో ఇంకో వింత బయటపడింది. అందరికీ సరిపడుతుందనుకునే ఓ రక్తాన్ని కూడా తిప్పికొట్టే రక్తం కొందరిలో దొరికింది. లాన్సెట్ పత్రికలో దాన్ని ప్రకటించిన వై.ఎం. భెండే బృందంలో లండన్ లిస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసే ఇద్దరు స్త్రీలున్నారు: రూత్ సాంగర్, వినిఫ్రెడ్ వాట్కిన్స్. బాంబే బ్లడ్ గ్రూపు అన్న పేరు విన్నవాళ్లలో ఈ ఇద్దరి పేర్లు విన్నవాళ్లెందరు?

ఎ, బి పదార్థాలు తయారవడానికి హెచ్ అనే పదార్థం పునాది. 1959లో వాట్కిన్స్, వాల్టర్ మోర్గన్ ఈ వరసని వివరించారు. హెచ్‌ని తయారుచేసే జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా నల్ రూపంలోనే వస్తే పునాదే పడదు. ఎ, బి జన్యువులు చక్కగా ఉన్నా వాటి పని బయటికి కనిపించదు. మామూలు పరీక్షలో ఓ అనే తేలుతుంది. సీరమ్‌ని ఓ రక్తకణాలతో కలిపి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. అది చూడకుండా, కాన్పులో రక్తం పోతున్న స్త్రీకి ఓ రక్తం ఎక్కిస్తే ప్రాణం మీదికొస్తుంది.

1955లో అమెరికాలో ఫిలిప్ లెవీన్ బృందం ఒక తల్లి గురించి రాసింది. ఆమె పరీక్షలో ఓ, కూతురు ఎబి. పాఠ్యపుస్తకం ప్రకారం ఇది అసాధ్యం. ఆమెలో దాగిన బి జన్యువు కూతురిలో బయటపడిందని కుటుంబాన్నంతా పరీక్షించాక తేలింది. ఇక్కడ ఓ అని తేలింది తల్లి కాబట్టి అనుమానం పరీక్ష మీదికి మళ్లింది. కన్నతల్లిని నువ్వు తల్లివి కావని ఎవరంటారు? అదే తండ్రి ఓ అయి, బిడ్డ బి అయితే? తల్లి ఎ గ్రూపయితే? అప్పుడు ప్రశ్న పరీక్షని వదిలేసి నేరుగా ఆమె శీలం మీదికొచ్చేది.

డిఎన్‌ఏ పరీక్షలొచ్చాక ఈ చిక్కు తీరిపోయిందా? వాటిలోనూ నల్ అల్లీల్స్ ఉన్నాయి, మరో అర్థంలో. పరీక్షలో వాడే ప్రైమర్ అంటుకోవలసిన చోట ఒక అక్షరం మారితే చాలు, ఆ జన్యురూపం నకలు కాదు, కనిపించదు. తండ్రీబిడ్డలిద్దరిలో ఉన్నది అదే అయినా కాగితం మీద పొంతన కుదరదు. అందుకే ఒక్కచోట పొంతన లేనంత మాత్రాన ప్రయోగశాలలు తండ్రి కాదని తేల్చెయ్యవు.

ప్రయోగశాలకున్న ఈ జాగ్రత్త ఇంట్లో మగవాడికి ఉంటుందా? భరణం కేసులో ఒక భర్త బిడ్డకి రక్తపరీక్ష చేయించాలని పట్టుబడితే, ఇలాంటి పరీక్షలకి మామూలుగా ఆదేశాలివ్వకూడదని 1993లో సుప్రీంకోర్టు చెప్పింది. పరీక్ష ఫలితం బిడ్డని అక్రమ సంతానంగా, తల్లిని శీలం లేనిదానిగా ముద్రవేస్తే ఏమవుతుందో కోర్టులు ఆలోచించాలంది. వివాహంలో పుట్టిన బిడ్డకి చట్టం ఇచ్చే రక్షణ 1872 నాటి సాక్ష్యాల చట్టం నుంచి 2024 జూలైలో అమల్లోకొచ్చిన కొత్త చట్టంలోకీ వచ్చింది. అది పితృస్వామ్య కుటుంబాన్ని కాపాడే చట్టమే, నిజమే. కానీ కాగితం మీద ‘లేదు’ అని పడగానే ఒక స్త్రీ బతుకుని తీర్పు చెప్పెయ్యడానికి అది ఒప్పుకోదు. ఆ పరీక్ష ఏం చూడగలదు, ఏం చూడలేదు అని ముందు అడగవలసింది మనమే.